మూడు వేల అడుగుల మీంచి మన తీరం

నాలుగు సీట్ల చిన్న విమానం. ఎడమ సీట్లో పైలట్, కుడి సీట్లో స్నేహితుడు. విశాఖ నుంచి సముద్రం వెంట ఇచ్ఛాపురం దాకా పోయి, కొండల వారగా విజయనగరం మీదుగా తిరిగొచ్చే దారి ఇది. ఈ ఆదివారం ఆ కుడి సీటు పాఠకులది.

పదేళ్ల తేడాతో దేశ పౌర విమానయాన శాఖ రెండుసార్లు ఉత్తరాంధ్ర చేతికొచ్చింది. 2014లో విజయనగరం నుంచి పూసపాటి అశోక్‌ గజపతిరాజు, 2024లో శ్రీకాకుళం నుంచి కింజరాపు రామ్మోహన్‌ నాయుడు ఆ బాధ్యత తీసుకున్నారు. ఢిల్లీలోనూ శంషాబాద్‌లోనూ విమానాశ్రయాలు నడిపే జీఎంఆర్‌ సంస్థ అధిపతి గ్రంధి మల్లికార్జునరావుది రాజాం. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో 3.8 కిలోమీటర్ల రన్‌వే వేసిందీ ఆ సంస్థే. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగిన విమానాశ్రయం అది.

విమానాలతో ఇంత సంబంధం ఉన్నా, మన ఊళ్లను ఆకాశంలోంచి నిదానంగా చూసినవాళ్లు మనలో ఎంతమంది? విశాఖలో జెట్‌ విమానం ఎక్కినవాళ్లు బెల్టు సర్దుకునేలోపే మబ్బులు అడ్డొస్తాయి. ముప్పై వేల అడుగుల మీంచి వంశధార ఒక దారప్పోగు. ఆ కిటికీలోంచి ఊరు కనిపించినా అది మన ఊరో కాదో తేల్చుకోలేం. మన నేలను మనకు చూపించగలిగేది చిన్న విమానమే, అందులోనూ పక్కన స్నేహితుడున్న విమానం. ఈ కథనం దాని కోసమే.

చిన్న విమానం అనగానే ప్రపంచమంతటా ముందు గుర్తొచ్చేది సెస్నా 172. 1956లో తయారీ మొదలైంది. ఇప్పటికి 44 వేలకు పైగా వచ్చాయి. ఇన్ని తయారైన విమానం ప్రపంచంలో మరొకటి లేదు. ముందు ఒకే ఇంజిన్‌, ఒకే పంఖా. రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కాబట్టి కిందికి చూడ్డానికి ఏదీ అడ్డం రాదు. వేగం గంటకు సుమారు 220 కిలోమీటర్లు. సీట్లు నాలుగే అయినా నలుగురూ ఎక్కితే ట్యాంకు నిండా పెట్రోలు పోయడం కుదరదు. మొత్తం బరువు 1,100 కిలోల దగ్గర ఆగాలి. విమానం బరువు, ఇంధనం బరువు అందులోంచి తీసేస్తే మనుషులకూ సంచులకూ మిగిలేది రెండు వందల కిలోల చిల్లర. దూరప్రయాణం ఇద్దరు స్నేహితుల వ్యవహారం కావడానికి ఈ తూకమే కారణం.

ఈ దేశ విమానయానం తొలినాళ్లలోనూ అలాంటి జంటలున్నాయి. 1930 మార్చిలో ఆర్‌.ఎన్‌. చావ్లా, పదిహేడేళ్ల ఆస్పీ ఇంజినీర్‌ కలిసి ఒక జిప్సీ మాత్‌లో కరాచీ నుంచి ఇంగ్లండు వెళ్లారు. ఆ దారిన ఎగిరిన మొదటి భారతీయులు వాళ్లిద్దరే. ఆ విమానం పైకప్పు లేనిది. రేడియో లేదు. ముందు ఒకరు, వెనక ఒకరు. కొన్ని వారాలకే, ఒంటరిగా ఈ దూరం దాటే మొదటి భారతీయుడికి ఆగాఖాన్‌ పెట్టిన 500 పౌండ్ల బహుమతి కోసం ఆస్పీ అటునుంచి, జె.ఆర్‌.డి. టాటా ఇటునుంచి బయల్దేరి ఈజిప్టులో ఎదురుపడ్డారు. ఆస్పీ విమానం స్పార్క్‌ ప్లగ్గు లేక ఆగిపోయి ఉంది. పోటీలో ఉన్నవాడికి టాటా తన దగ్గరున్న ప్లగ్గు ఇచ్చాడు. ఆస్పీ తన లైఫ్‌ జాకెట్‌ ఇచ్చాడు. కొన్ని గంటల తేడాతో ఆస్పీయే గెలిచాడు. తర్వాతి కాలంలో ఆయనే భారత వైమానిక దళాధిపతి అయ్యాడు.

1932 అక్టోబరు 15న టాటా పుస్‌ మాత్‌లో కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాలు తెచ్చాడు. అక్కణ్నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు వాటిని చేర్చింది ఆయన మిత్రుడు నెవిల్‌ వింట్సెంట్‌. కరాచీ నుంచి వచ్చే దారిలో అహ్మదాబాద్‌ దగ్గర టాటా విమానానికి పెట్రోలు ఎడ్లబండి మీద వచ్చింది. ఎయిరిండియా పుట్టుక వెనక ఉన్నది ఇద్దరు స్నేహితులు, రెండు చిన్న విమానాలు.

మన తీరానికి మాత్రం విమానంతో తొలినాళ్ల పరిచయం స్నేహంగా జరగలేదు. 1942 ఏప్రిల్‌ 6న జపాన్‌ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పట్నం ఖాళీ చేసి జనం విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లోని చుట్టాల ఇళ్లకు చేరారు. ఆకాశంలో చప్పుడు వినిపిస్తే పిల్లల్ని లోపలికి లాక్కున్న తరం అది. వాళ్ల మనవలు ఇప్పుడు అదే ఆకాశంలో పైలట్లు.

వాళ్ల చదువులో క్రాస్‌ కంట్రీ అనే అధ్యాయం పెద్దది. ఎక్కిన చోటే చుట్టూ తిరిగి దిగడం కాకుండా, పటం చూసుకుంటూ ఒక విమానాశ్రయం నుంచి మరొకదానికి దారి పట్టుకుని పోవడం. వాణిజ్య పైలట్‌ లైసెన్సుకు మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో ఒక ప్రయాణం 300 నాటికల్‌ మైళ్లకు, అంటే సుమారు 555 కిలోమీటర్లకు తగ్గకూడదు. దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో పూర్తిగా దిగి ఆగాలి. ఈ పరీక్ష దాటినవాళ్లే దారి తెలిసిన పైలట్లు.

విశాఖ నుంచి ఇచ్ఛాపురానికి గాలిదారిన 220 కిలోమీటర్లు, అంటే గంట. కానీ ఆ గంటకు ముందు చాలా పని ఉంటుంది. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, టవర్‌ వాళ్లదే. ప్రయాణ ప్రణాళిక ముందే ఇవ్వాలి. వైమానిక రక్షణ అనుమతి నంబరు ఒకటి, విమాన సమాచార కేంద్రం నంబరు ఒకటి చేతికి రావాలి. ఆ రెండూ లేకుండా చక్రం కదలదు. కంటితో చూసుకుంటూ ఎగిరే విమానానికి మన దేశంలో రాత్రి ప్రయాణం లేదు. పొద్దు పొడుపుకు 20 నిమిషాల ముందు నుంచి, పొద్దు కుంకాక 20 నిమిషాల దాకానే వీలు. చిన్న విమానం తాగే ప్రత్యేక పెట్రోలు ఏవ్‌గ్యాస్‌ అన్ని విమానాశ్రయాల్లో దొరకదు. ఆ ఇంధనాన్ని ఇండియన్‌ ఆయిల్‌ సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టింది 2022లోనే. తిరిగి రావడానికి సరిపడా ముందే నింపుకుని బయల్దేరడం క్షేమం.

మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి, మంచి వేళ ఉదయం. పదకొండు దాటితే నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, సముద్రపు గాలి అడ్డంగా తోస్తుంది. అప్పుడు విమానం ఒకటే కుదుపు. ఏప్రిల్‌, మే సాయంత్రాలు కొండల మీంచి దిగే ఈదురుగాలులవి. ఆ వేళ ఈ విమానం హేంగర్‌లో ఉండాలి.

కుడి సీట్లో కూర్చున్నవాళ్లకు అద్దం పక్కన చోటు మాత్రమే కాదు, పని కూడా ఉంటుంది. గడియారం చూడాలి, పటంలో ఊళ్లు గుర్తుపట్టాలి, పక్షులనూ ఇతర విమానాలనూ ముందే చెప్పాలి. ఇంజిన్‌ హోరులో మాటలన్నీ హెడ్‌ఫోన్లలోంచే. ఈశాన్యం వైపు పోతుంటే సముద్రం కుడిచేతి వైపు, నేల ఎడమచేతి వైపు. అంటే పోయేటప్పుడు పైలట్‌కు ఊళ్లు, మీకు కడలి. వచ్చేటప్పుడు ఊళ్లు మీవి.

భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలుస్తుంది. కాస్త దాటగానే భోగాపురం రన్‌వే. దాని తర్వాత కోనాడ దగ్గర చంపావతి, చింతపల్లి దగ్గర దీపస్తంభం. విజయనగరం జిల్లా తీరం 28 కిలోమీటర్లే, ఈ విమానానికి ఎనిమిది నిమిషాల లోపు. తర్వాత శ్రీకాకుళం జిల్లా మొదలవుతుంది. 193 కిలోమీటర్లు, రాష్ట్రంలో అన్నిటికన్నా పొడవైన తీరం. పైడిభీమవరం మందుల కంపెనీల గొట్టాలు ఎడమవైపు దాటిపోతాయి.

ఇక్కడ కిందికి చూస్తే ఎన్ని పుస్తకాలు చదివినా అర్థం కాని ఒక సంగతి కంటికి కనిపిస్తుంది. తీరం చాలా చోట్ల గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. అల నేరుగా ఇసుక మీదికొస్తుంది. పడవ దాచుకోవడానికి ఒక వంపు లేదు, ఒక మడుగు లేదు. నదుల నోళ్లను ఇసుక మేటలు మూసేస్తాయి. పెద్ద పడవ కట్టే జెట్టీ లేక మన జాలర్లు గుజరాత్‌లోని వెరావల్‌ దాకా వలసపోయి, పరాయి పడవల మీద కూలికి వేటాడుతున్నారు. అలా పోయిన ఉత్తరాంధ్ర జాలర్లు 2018 నవంబరులో సరిహద్దు దాటారని పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇంటికి రాలేదు. ఏడాది పైన ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు పడిన యాతన ఈ జిల్లాకు తెలుసు. వాళ్ల వలసకు కారణం మూడు వేల అడుగుల మీంచి ఇరవై నిమిషాల్లో అర్థమవుతుంది. జెట్టీల ఫైళ్ల మీద సంతకం పెట్టే ప్రతి అధికారినీ ఒక ఉదయం ఈ కుడి సీట్లో కూర్చోబెట్టాలనిపిస్తుంది.

కళ్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాయి. రెండూ ఒడిశా కొండల్లో పుట్టి రెండు వందల యాభై కిలోమీటర్లు నడిచొచ్చినవే. వానాకాలం పోయిన కొత్తలో ఆ ఎర్రనీరు సముద్రపు నీలంలో చాలా దూరం కలవకుండా పోతుంది. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద శాలిహుండం స్తూపాలు. నది నోరు, రేవు, కొండ మీద బౌద్ధారామం మూడూ ఒకే చూపులో పడినప్పుడు, పాతకాలపు ఓడవాళ్లు ఇక్కడే ఎందుకు ఆగారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

భావనపాడు దాటాక మూలపేట రేవు పనులు, నౌపడా ఉప్పుమడుల తెల్లని గళ్లు. ఎడమవైపు తేలినీలాపురం. చలికాలమంతా అక్కడి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కాపురం ఉంటాయి. పైలట్‌కు అందం కంటే ముందు అది జాగ్రత్త. గూడబాతు బరువున్న పక్షి, పంఖాకు తగిలితే ఇద్దరికీ ప్రమాదం. ఊరి మీదుగా పోకుండా సముద్రం వైపు తప్పుకోవాలి. పక్షులకూ అదే మర్యాద.

తర్వాత ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కిలోమీటర్ల కొద్దీ పచ్చగా పరుచుకుని ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది ఇక్కడే. తాతలు పెట్టిన చెట్లు ఒక్క రాత్రిలో వేళ్లతో లేచాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకొచ్చేసరికి పిల్లలు చదువులు ముగించి వలసపోయే వయసు వస్తుంది. ఈ పచ్చదనం కింద ఎన్నో ఇళ్లల్లో మూత్రపిండాల జబ్బు ఉందన్న సంగతి మాత్రం ఏ ఎత్తు నుంచీ కనిపించదు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో వచ్చే నీరు ఆ బాధకు ఇప్పటిదాకా దొరికిన జవాబులు. ఆకాశం నుంచి చూడటానికి ఉన్న హద్దు ఇదీ, దాన్ని మరిచిపోకూడదు.

ఇదే చోట పైలట్‌ కళ్లు ఇంకోదాని కోసం వెతుకుతుంటాయి. మూడు వేల అడుగుల మీద ఇంజిన్‌ ఆగిపోతే ఈ విమానం ఎనిమిది కిలోమీటర్ల దాకా గాలిలో జారుతూ పోగలదు. ఆ లోపు దిగడానికి చోటు కావాలి. కోత అయిన వరిమడి మంచిది. కొబ్బరితోటల మీద చోటే లేదు, ఒడ్డున తడి ఇసుక తప్ప. అందుకే ఉద్దానం మీద ఎగిరేటప్పుడు సముద్రపు ఒడ్డును వదలకూడదు. కుడి సీట్లోవాళ్లు అందమైన ఒడ్డును చూస్తున్నామనుకుంటారు. పైలట్‌ రన్‌వేని చూస్తుంటాడు.

సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేల ఉంది. ప్రభుత్వ కాగితాల్లో ఒకప్పుడు అది పనికిరాని భూమి. ఇక్కడ థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం కట్టడానికి అనుమతిచ్చింది ఆ కాగితాలు చూసే. పైనుంచి చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. పడమట మహేంద్రగిరి, 1,501 మీటర్లు. ఆ వాలుల మీద పడిన వాన గెడ్డల్లో దిగి వచ్చి, తీరపు ఇసుక దిబ్బలు అడ్డుకోవడంతో ఈ పల్లంలో నిలుస్తుంది. ఆ నీటితో చుట్టుపక్కల పొలాలు తడుస్తాయి, చేపలు పెరుగుతాయి, పశువులు మేస్తాయి. కొండ, గెడ్డ, బీల, దిబ్బ, సముద్రం ఒక వరసలో కనిపిస్తుంటే దానిలో ఏ ఒక్కటి పూడ్చినా ఏమవుతుందో పిల్లవాడైనా చెబుతాడు. 2010 జులై 14న ఆ నీటిని కాపాడుకోబోయిన జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. ఆ రోజే విద్యుత్‌ కేంద్రానికి పర్యావరణ అనుమతి రద్దయింది. ఏడు నెలల తర్వాత కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలలోనూ అదే కథ, అవే కాల్పులు. పలాస ప్రాంతంలో విమానాశ్రయం అన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఉద్దానం రైతులు భయపడటం వెనక ఈ జ్ఞాపకం ఉంది. విమానాలంటే ఇష్టమున్నవాళ్లం ముందుగా వినాల్సింది వాళ్ల మాటే. నేలను సరిగ్గా చూసినవాళ్లు రన్‌వే ఎక్కడ వేయకూడదో కూడా తెలుసుకుంటారు.

బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం దగ్గర బాహుదా. అక్కడ ఎడమకు వాలి వెనక్కి తిరగాలి. ఇప్పుడు నేల మీ కిటికీలోకి వస్తుంది.

తిరుగు దారికి దిక్సూచితో పెద్ద పని లేదు. హౌరా–చెన్నై రైలు పట్టాలు, వాటిని విడవకుండా పదహారో నంబరు జాతీయ రహదారి కింద కనిపిస్తూనే ఉంటాయి. పలాస, నౌపడా, తిలారు, ఆమదాలవలస స్టేషన్లు ఒకటొకటిగా వెనక్కి పోతాయి. హెడ్‌ఫోన్లో మాట మన మాటే అవుతుంది. “ఒరే, అదిగో మనూరి చెరువు అగుపడతంది సూడు.” “అది మనది కాదురా, మనదానికి రెండు గట్లు.” “ఏటి రెండు గట్లు, మొన్ననేగదా ఒకటి తెగింది.” చిన్నప్పుడు ఈత కొట్టిన చెరువు గురించి గాలిలో తగువులాడుకునే వీలు ఈ ప్రయాణంలో తప్ప ఇంకెక్కడా దొరకదు. అందుకే ఆ సీట్లో స్నేహితుడు ఉండాలి. పైలట్‌కు ఊరు ఒక గుర్తు మాత్రమే. అదే ఊరివాడు పక్కనుంటే ఏ ఇల్లు ఎవరిదో, ఏ పొలం ఎందుకు బీడు పడిందో చెబుతాడు.

శ్రీకాకుళం పట్నం నాగావళి రెండు ఒడ్లనా పరుచుకుని ఉంటుంది. పక్కనే అరసవల్లి, దూరంగా తీరం వైపు శ్రీకూర్మం. అక్కణ్నుంచి పడమటికి జరిగితే మడ్డువలస, తోటపల్లి జలాశయాలు. సీతంపేట వైపు కొండల మీద సవరల పోడు మళ్లు. చీపురుపల్లి, గరివిడి దగ్గర మాంగనీసు తవ్విన నల్లటి గుంతలు. రామతీర్థం కొండలు, నెల్లిమర్ల జూట్‌ మిల్లు దాటితే విజయనగరం. 1713లో మొదలైన కోట నలుచదరంగా, నాలుగు మూలల బురుజులతో స్పష్టంగా తెలుస్తుంది. పక్కన పెద్ద చెరువు. కాస్త అవతల కోరుకొండ ప్యాలెస్‌. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు ఇచ్చిన ఆ భవనంలోనే 1962 జనవరిలో సైనిక్‌ స్కూలు మొదలైంది.

ఇప్పుడు అడగాల్సింది అడగాలి. అశోక్‌ గజపతిరాజు మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన ఉడాన్‌ పథకం కింద 2017 ఏప్రిల్‌లో తొలి విమానం సిమ్లా నుంచి ఢిల్లీకి ఎగిరింది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్న మాట చిన్న పట్నాల్లో ఆశ రేపింది. అదే పథకం కింద ఒడిశా జయపూర్‌ నుంచి విశాఖకు తొమ్మిది సీట్ల సెస్నా గ్రాండ్‌ కారవాన్‌ తూర్పు కనుమల మీదుగా ఎగిరింది. రామ్మోహన్‌ నాయుడు మంత్రి అయ్యాక 2024 నవంబరు 9న విజయవాడ కృష్ణలోంచి శ్రీశైలానికి నీటి విమానం ఎగిరింది. చిన్న విమానం మీద ఇద్దరికీ నమ్మకం ఉన్నట్టే. మరి సొంత జిల్లాల్లో దానికి చోటేది?

ఉమ్మడి రాష్ట్రంలో పైలట్‌ కావాలంటే బేగంపేటలోని ఫ్లయింగ్‌ క్లబ్బుకు పోయేవాళ్లు. విభజనతో అది తెలంగాణకు పోయింది. మన పిల్లలు ఇప్పుడు మహారాష్ట్రకో, అమెరికాకో పోతున్నారు. ఖర్చు యాభై లక్షలు దాటుతుంది. రాజాం, టెక్కలి, సాలూరు పిల్లల్లో ఎంతమంది తండ్రులు ఆ సొమ్ము తేగలరు? భోగాపురంలో పెద్ద విమానాలకు ఎంత చోటున్నా, ఒక పక్కన నాలుగు సెస్నాలు నిలిపే హేంగర్‌, ఒక ఏవ్‌గ్యాస్‌ ట్యాంకు, జిల్లా విద్యార్థులకు ఫీజు రాయితీ ఉన్న ఒక ఫ్లయింగ్‌ క్లబ్బు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఆ స్థలం ఉత్తరాంధ్రది, ఆ సంస్థ అధిపతీ విమానయాన మంత్రీ ఉత్తరాంధ్రవాళ్లే అయిన రోజులివి.

అక్కడ నేర్చుకున్న కుర్రాడు భోగాపురంలో లేచి, రాజమండ్రిలో దిగి, గన్నవరంలో దిగి, తిరిగి భోగాపురం వస్తే 350 నాటికల్‌ మైళ్లు దాటుతుంది. లైసెన్సుకు కావలసిన పెద్ద ప్రయాణం తెలుగు తీరం మీదే పూర్తవుతుంది. చదువుకునేటప్పుడు ఆ దూరం అతను ఒంటరిగానే పోవాలి. లైసెన్సు వచ్చాక మాత్రం కుడి సీటు ఖాళీగా ఉంచనక్కర్లేదు. ఊళ్లో తనతోపాటు చదివి, వెరావల్‌ పడవల మీదికి పోబోతున్న స్నేహితుణ్ని ముందు ఎక్కించుకోవచ్చు.